మ్యాచ్ ఒక సాకు: రెండు కార్తీక ఆదివారాల కథ

రెండేళ్ల తేడాతో జరిగిన రెండు వన్డే వరల్డ్ కప్ ఫైనల్స్, రెండూ కార్తీకమాసం ఆదివారాలే. ఒకటి 2023 నవంబర్ 19, అహ్మదాబాద్‌లో మగవాళ్లది. ఇంకోటి 2025 నవంబర్ 2, నవీ ముంబైలో ఆడవాళ్లది. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. క్యాలెండర్ ముందేసుకుని చూస్తే తప్ప ఎవరూ పట్టించుకోని సంగతే, కానీ తెలుగువాళ్లకి కార్తీకం ఆదివారం అంటే మామూలు ఆదివారం కాదు కదా, వనభోజనాల రోజు. ఊరి బయట తోటో, ఏటి ఒడ్డో, కాలనీ వాళ్లందరూ తలా ఇంత వేసుకుని మాట్లాడుకున్న ఫామ్‌హౌసో, ఉసిరిచెట్టు ఉంటే దాని కింద, లేకపోతే ఎక్కణ్నుంచో ఒక ఉసిరికొమ్మ తెచ్చి మామిడిచెట్టుకి కట్టేసి దాని కింద, పులిహోర, పనసపొట్టు కూర, బూరెలు, మధ్యాహ్నం తంబోలా, పిల్లలకి మ్యూజికల్ చైర్స్. అంటే చాలాచోట్ల జనం ముందే ఒకచోట చేరి ఉన్నారు, మ్యాచ్ వచ్చి ఆ గుంపులో దూరింది.

2023లో మ్యాచ్ మధ్యాహ్నం 2 గంటలకి. సరిగ్గా వనభోజనాల్లో రెండో పంక్తి లేచే టైం. ఫైనల్ దాకా పదికి పది గెలిచిన టీమ్, ఇక చూడటమే మిగిలిందనుకుని అందరూ కూర్చుంటే 240కి ఆలౌట్, ఆ తర్వాత ఆస్ట్రేలియా ఓపెనర్ ట్రావిస్ హెడ్ 137 కొట్టి మనవాళ్ల నోళ్లే కాదు స్టేడియంలో ఉన్న 90 వేల పైచిలుకు మంది నోళ్లు కూడా మూయించేశాడు. 2025లో మ్యాచ్ 3 గంటలకి మొదలవ్వాలి, వాన వల్ల 5 అయింది. ఆ రెండు గంటల ఆలస్యం ఒకరకంగా మంచిదే అయింది, తోటలకి వెళ్లినవాళ్లు గిన్నెలు కడుక్కుని సర్దుకుని ఇళ్లకి చేరేసరికి షెఫాలీ వర్మ బాదుతూ ఉంది. ఇంకో విషయం, రెండిట్లోనూ చికెన్ లేదు. కార్తీకం కదా. మామూలుగా మ్యాచ్ అంటే బిర్యానీ ఆర్డర్లు, కోడి పకోడీ, ఆ రెండు ఆదివారాలు మాత్రం నియమం పట్టిన ఇళ్లల్లో మిరపకాయ బజ్జీల మీదే నడిచిపోయాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. సంతోషం ఇచ్చేది గెలుపే అయితే 2023 నాటి ఆదివారాన్ని జనం ఈపాటికి మర్చిపోయి ఉండాలి, లేదా తలుచుకోవడం మానేసి ఉండాలి. కానీ అలా జరగలేదు. ఆరోజు ఎక్కడున్నారు అని ఎవర్నడిగినా టక్కున చెప్తారు, ఎవరింట్లో, ఎవరు పక్కన కూర్చున్నారు, హెడ్ సెంచరీ అయ్యాక ఎవరు లేచి వెళ్లిపోయారు, ఎవరు చివరిదాకా పట్టుబట్టి చూశారు, అన్నీ. స్కోరు మాత్రం సగంమందికి సరిగ్గా గుర్తుండదు. బాధపడ్డ రోజే, కానీ చెప్పేటప్పుడు గొంతులో ఒకరకమైన ఇష్టం ఉంటుంది. దీన్ని బట్టి తేలేదేంటంటే, మ్యాచ్ ఉన్న ఆదివారంలో మ్యాచ్ పావు వంతే. మిగతా ముప్పావు వంతు ఆ మ్యాచ్ సాకుతో జరిగే మామూలు పనులు.

సాకు అనే మాట తీసిపారేసేది కాదు. మనవాళ్లకి ఊరికే కూర్చోవడం రాదు, కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. "ఏం పనిలేదా?" అనే మాట చిన్నప్పట్నుంచీ విని విని, ఆదివారం కూడా ఇంట్లో ఫ్యాన్ తుడవడమో, బండి కడగడమో, గ్యాస్ బుకింగో, పెండింగ్ పెట్టిన పెళ్లి పిలుపులకి వెళ్లిరావడమో, ఏదో ఒకటి పెట్టుకుంటారు. నలుగురూ ఒక గదిలో మూడు గంటలు ఏ పనీ లేకుండా కూర్చోవాలంటే దానికో కారణం కావాలి, అదీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఒప్పుకునే కారణం. మ్యాచ్ అలాంటి కారణం. హోంవర్క్ తర్వాత చేసుకోవచ్చు, పక్కింటివాళ్లు చెప్పకుండా వచ్చినా ఏమనుకోరు, తాతగారు మధ్యాహ్నం నిద్ర మానేసినా ఎవరూ అడగరు. పూర్వం తిరునాళ్లు ఇదే పని చేసేవి. తిరునాళ్లకి వెళ్లినవాళ్లలో దేవుడి దర్శనం కోసం వెళ్లినవాళ్లు ఎంతమంది, జీళ్లు, బూరలు, రంగులరాట్నం, పక్కూరి చుట్టాలు, పిల్ల సంబంధాల మాటలు, వీటికోసం వెళ్లినవాళ్లు ఎంతమంది? దేవుడు అందరికీ పర్మిషన్ ఇచ్చేవాడు, అంతే.

అసలు ఆదివారం సెలవు అనేదే మనకి పాతది కాదు. తాపీ పనివాళ్లు అమావాస్యకి పని ముట్టుకోరు, సంత రోజున ఊరంతా సంతకే, ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890లో మిల్లుల యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. ఇప్పుడు అందరికీ ఒకే రోజు ఖాళీ దొరుకుతోందంటే దాని వెనక ఆ గొడవ ఉంది. ఒక్కడికే సెలవు దొరికితే ఏం చేసుకుంటాడు, షిఫ్ట్ డ్యూటీల్లో మంగళవారం వీక్లీ ఆఫ్ వచ్చేవాళ్లని అడిగితే తెలుస్తుంది, ఇంట్లో ఎవరూ ఉండరు, పిల్లలు స్కూల్లో, ఫ్రెండ్స్ ఆఫీసుల్లో, ఆ రోజు నిద్రకే సరి. సెలవు విలువ సగం పక్కవాడికి కూడా సెలవు ఉండటంలోనే ఉంది. మ్యాచ్ ఇంకో అడుగు ముందుకేసి, అందరికీ ఖాళీ ఒకే రోజు ఇవ్వడమే కాకుండా అందరి కళ్లనీ ఒకే చోటికి తిప్పుతుంది.

దీని మీద 2014లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఒక చిన్న ప్రయోగం ఉంది, మ్యాచ్‌తో సంబంధం లేదు, చాక్లెట్‌తో. ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టి, మాట్లాడుకోనివ్వకుండా, ఒకసారి ఇద్దరికీ ఒకేసారి ఒకే చాక్లెట్ ఇచ్చారు, ఇంకోసారి ఒకళ్లకే చాక్లెట్, రెండోవాళ్లకి వేరే పని. నిజానికి రెండుసార్లూ అదే చాక్లెట్. పక్కవాళ్లు కూడా తింటున్నప్పుడు ఎక్కువ బావుందని చెప్పారు. బాగా చేదు చాక్లెట్‌తో ఇదే ప్రయోగం చేస్తే మాత్రం, పక్కవాళ్లతో కలిసి తిన్నప్పుడు ఇంకా ఘోరంగా ఉందన్నారు. మాటలు లేవు, పరిచయం లేదు, పక్కన ఇంకో మనిషి అదే రుచి చూస్తున్నాడని తెలియడం ఒక్కటే తేడా. 2023 ఆదివారం చేదు అంత గట్టిగా ఎందుకు తగిలిందో, 2024 జూన్ 29 శనివారం రాత్రి బార్బడోస్‌లో జరిగిన టీ20 వరల్డ్ కప్ ఫైనల్లో సూర్యకుమార్ బౌండరీ లైన్ దగ్గర మిల్లర్ క్యాచ్ పట్టినప్పుడు అపార్ట్‌మెంట్లు ఎందుకు ఊగిపోయాయో ఇదొక్కటీ చాలావరకు చెప్తుంది. సౌతాఫ్రికాకి 30 బంతుల్లో 30 పరుగులు కావాల్సిన దగ్గర్నుంచి 7 పరుగుల తేడాతో గెలిచిన మ్యాచ్ అది, ఒంటరిగా ఫోన్‌లో చూసినవాడు కూడా ఒంటరిగా చూడలేదు, గోడ అవతల ఇంకొకరు అరుస్తున్నారు కాబట్టి.

ఆ గోడ అవతలి అరుపుకే ఇప్పుడు ఒక తెగులు పట్టుకుంది. పక్కింట్లో డిష్ టీవీ, ఇక్కడ ఫోన్‌లో స్ట్రీమింగ్. ఇక్కడ బౌలర్ ఇంకా రనప్ మొదలెట్టలేదు, అక్కడ "అవుట్!" అని కేక. ఇక ఏం చూస్తాం? స్ట్రీమింగ్‌లో వీడియోని చిన్న చిన్న ముక్కలుగా కోసి, కుదించి, మధ్యలో సర్వర్లు దాటించి పంపిస్తారు, ఆగిపోకుండా ఉండటానికి ఫోను కొన్ని ముక్కలు ముందే దాచుకుని ఆ తర్వాత చూపిస్తుంది, ఇవన్నీ కలిసి ఒక్కో ఫోన్‌కి ఒక్కో ఆలస్యం. ఒకే గదిలో ఇద్దరు రెండు ఫోన్లలో చూసినా ఒకే బంతి రెండుసార్లు పడుతుంది. రేడియో కాలంలో బొమ్మ లేదు, కానీ ఊరు ఊరంతా ఒకే క్షణంలో వినేది. ఊరికి ఒకటో రెండో టీవీలున్న రోజుల్లో దూరదర్శన్‌లో బొమ్మ మంచు కురిసినట్టు వచ్చేది, ఒకడు డాబా మీద యాంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అనడం, కింద కిటికీలోంచి పదిమంది "వచ్చింది వచ్చింది, ఆపు" అనడం, ఆ యాంటెనా పట్టుకున్నవాడు మ్యాచ్ చూడకుండానే మ్యాచ్‌లో ఉండేవాడు. హెచ్‌డీ వచ్చింది, నాలుగు కెమెరా కోణాలు వచ్చాయి, ఒకేసారి అరవడం మాత్రం పోయింది. ఇది చిన్న నష్టం కాదు. అందుకే ఇంట్లో ఎంత పెద్ద టీవీ ఉన్నా ఫైనల్ రోజు జనం హోటళ్లలో, కమ్యూనిటీ హాళ్లలో, రోడ్డు పక్కన కట్టిన తెరల ముందు చేరుతున్నారు. బొమ్మ ఇంట్లోదే బావుంటుంది, అరుపు అక్కడ బావుంటుంది.

"స్కోరెంత?" అనే ప్రశ్న గురించి కూడా కాస్త ఆలోచించాలి. తెలుగునాట కొత్తమనిషి ఎదురైతే మొదటి ప్రశ్న ఏ ఊరు, రెండోది ఎవరి తాలూకా, మూడోది ఏం చేస్తుంటారు. ఈ మూడూ కలిపి మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకునే ప్రశ్నలు, ఊరు, కులం, డబ్బు అన్నీ వాటిల్లోనే వచ్చేస్తాయి. స్కోరెంత అనేదానికి ఇవేవీ అక్కర్లేదు. బస్సులో పక్క సీటు ఆయన్ని, లిఫ్ట్‌లో పెద్దాఫీసర్ని, పాన్‌షాపు కుర్రాణ్ని, హాస్పిటల్ కారిడార్లో బెంచీ మీద కూర్చున్న ఎవరినైనా అడగొచ్చు, అడిగితే తప్పకుండా జవాబు వస్తుంది, జవాబుతో పాటు ఒక విశ్లేషణ కూడా ఉచితం. ఆ రెండు నిమిషాలు ఇద్దరూ ఒకే ఎత్తులో నిలబడతారు. తర్వాత ఎవరి ఎత్తు వాళ్లదే, అది వేరే సంగతి.

భాషలో ఇంకో చిత్రం ఉంది. 1976లో రాబర్ట్ చాల్డిని అనే అమెరికన్ సైకాలజిస్ట్, ఆయన బృందం అక్కడి యూనివర్సిటీల్లో ఒకటి గమనించారు. కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ వీకెండ్‌లో గెలిస్తే సోమవారం కాలేజీ పేరున్న చొక్కాలు ఎక్కువ కనిపిస్తున్నాయి, ఫోన్ చేసి అడిగితే గెలిచిన మ్యాచ్‌కి "మనం" అంటున్నారు, ఓడిన మ్యాచ్‌కి "వాళ్లు" అంటున్నారు. మన దగ్గర దీనికి వేరే పరిశోధన అక్కర్లేదు, టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు. గెలిస్తే "కొట్టేశాం", "లేపేశాం". ఓడితే "చేతికొచ్చింది పోగొట్టారు". కానీ తెలుగులో ఇంగ్లీషు కంటే ఒక మెలిక ఎక్కువుంది. మనకి మేము, మనము అని రెండున్నాయి. వినేవాణ్ని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం. మ్యాచ్ గెలిచాక ఎవరైనా "మేం గెలిచాం" అంటారా? అనరు, మైదానంలో ఆడొచ్చినవాళ్లు తప్ప. "మనం గెలిచాం" అనగానే ఎదురుగా ఉన్నవాడు, వాడెవడో తెలియకపోయినా, గెలిచేసినట్టే. ఇంగ్లీషువాడు ఒకే మాటతో సరిపెట్టుకునేదాన్ని తెలుగు వ్యాకరణమే పక్కవాడితో పంచేస్తుంది. ఇక 2023 ఫైనల్ తర్వాత చాలామంది "ఓడిపోయారు" అనలేదు, "ఓడిపోయాం" అన్నారు. పది మ్యాచ్‌లు మనం మనం అనుకుంటూ వచ్చి పదకొండోదానికి వాళ్లు అనడానికి నోరు రాలేదేమో.

అన్నీ ఆదివారాలే కానక్కర్లేదు. దొంగిలించిన సంతోషం రుచి వేరు. 2025 ఆగస్టు 4 సోమవారం, లండన్ ఓవల్‌లో టెస్టు ఐదో రోజు, ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, మనకి 4 వికెట్లు. మన టైం ప్రకారం మధ్యాహ్నం మూడున్నరకి ఆట మొదలు, ఆఫీసుల్లో అది మీటింగుల టైం. ముందురోజు ఆదివారం సిరాజ్ హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేశాడు, అప్పటికి బ్రూక్ స్కోరు 19, ఆ తర్వాత 111 దాకా వెళ్లాడు. ఆదివారం రాత్రంతా సిరాజ్‌కి తిట్లే. సోమవారం గంట కూడా పట్టలేదు, సిరాజ్ ఐదు వికెట్లు పూర్తిచేసి చివరి వికెట్ యార్కర్‌తో లేపేశాడు, 6 పరుగుల తేడాతో గెలుపు, సిరీస్ 2-2. ఆ గంటలో హైదరాబాద్ ఆఫీసుల్లో పని ఎంత జరిగిందో మేనేజర్లకి తెలియకపోవడమే మంచిది, ఎందుకంటే వాళ్లూ టేబుల్ కింద ఫోన్ పెట్టుకునే ఉంటారు. పైగా మనూరి కుర్రాడు. 2024 జులైలో టీ20 కప్పుతో వచ్చినప్పుడు మెహదీపట్నంలో ఊరేగింపుగా తీసుకెళ్లిన అదే సిరాజ్.

వీకెండ్ షికార్లకీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఎక్కడికెళ్లామన్నది చివరికి చిన్న సంగతి. నెదర్లాండ్స్‌లో 1500 మందికి పైగా జనాన్ని అడిగి 2010లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలింది ఏంటంటే, సెలవులకి వెళ్లేవాళ్లు వెళ్లకముందే మిగతావాళ్ల కంటే హుషారుగా ఉన్నారు, తిరిగొచ్చాక మాత్రం చాలామందికి, వెళ్లనివాళ్లకి తేడా ఏం లేదు. అంటే సంతోషం చాలావరకు ఎదురుచూపులో ఖర్చయిపోయింది. శనివారం రాత్రి పులిహోరకి చింతపండు నానబెట్టినప్పుడే షికారు మొదలవుతుంది. బ్యాగులు సర్దడం, "పొద్దున్నే ఐదింటికి బయల్దేరిపోవాలి" అని అందరూ ప్రతిజ్ఞ చేయడం, ఏడున్నరకి బయల్దేరడం, దారిలో టిఫిన్ ఎక్కడ ఆగాలని గొడవ, ఆ ఇడ్లీ కారప్పొడి, ఇవే గుర్తుండేవి. భవానీ ద్వీపంలో ఏం చూశారంటే నది చూశాం అంటారు, పడవెక్కేటప్పుడు పెద్దమ్మ చెప్పు కృష్ణలో పడిపోయిన సంగతి మాత్రం పదేళ్లు చెప్పుకుంటారు.

2021లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి సండే ఫన్‌డే అని మొదలెట్టినప్పుడు జనం విరగబడ్డారు. అక్కడ కొత్తగా కట్టింది ఏమీ లేదు. అదే రోడ్డు, అదే బుద్ధుడు, అదే హుస్సేన్‌సాగర్ వాసన కూడా. మామూలు రోజుల్లో హారన్ కొట్టుకుంటూ దాటిపోయే రోడ్డు మధ్యలో నిలబడి ఐస్‌క్రీం తినొచ్చు అన్నదే ఆకర్షణ. ఇక్కడా సాకే, ఇంకేం కాదు. నగరాల్లో పార్కులకి కోట్లు పెట్టేవాళ్లు ఈ సంగతి కాస్త గమనిస్తే బావుండు, జనానికి కావాల్సింది ఎల్‌ఈడీ లైట్ల సీతాకోకచిలుక బొమ్మ కాదు, కాసేపు బండ్ల భయం లేకుండా ఆగడానికి చోటు.

గెలుపు లేకుండా కూడా దేశం పండగ చేసుకోగలదని చూపించింది మాత్రం 2016 ఆగస్టు. రియో ఒలింపిక్స్‌లో సింధు సెమీస్ గెలిచింది రాఖీపౌర్ణమి నాడు, ఫైనల్ మర్నాడు శుక్రవారం సాయంత్రం. ఇక్కడ కృష్ణా పుష్కరాలు నడుస్తున్నాయి. బ్యాడ్మింటన్‌లో ఎన్ని పాయింట్లకి గేమో తెలియని వాళ్లు కూడా టీవీల ముందు కూర్చున్నారు, మొదటి గేమ్ 21-19తో వచ్చింది, తర్వాత రెండూ స్పెయిన్ అమ్మాయి కరోలినా మరీన్‌కి పోయాయి. లెక్క ప్రకారం అది ఓటమి. కానీ ఆగస్టు 22న సింధు, కోచ్ గోపీచంద్ శంషాబాద్‌లో దిగితే ముంబై నుంచి పైకప్పు లేని డబుల్ డెక్కర్ బస్సు తెప్పించి గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగించారు, దారి పొడవునా స్కూలు పిల్లలు. బంగారం వచ్చుంటే ఇంతకంటే ఏం చేసేవాళ్లు? అప్పటికి సరిగ్గా అవసరమైన సాకు అది, చూడనివాళ్లు చూశారు, ఆడపిల్లని బ్యాడ్మింటన్ కోచింగ్‌లో చేర్చాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు చేర్చేశారు. వెండి అన్న సంగతి రెండో రోజుకే ఎవరికీ గుర్తులేదు.

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఒక మోసం ఉంది, అది దాచిపెట్టి రాస్తే వ్యాసం అబద్ధమవుతుంది. పకోడీలు ఎవరు వేస్తారు? హాల్లో అందరూ ఒకేసారి అరుస్తుంటే వంటింట్లోంచి చేతికి శనగపిండితో "ఏమైందీ?" అని అడిగే మనిషి ఒకరు ఉంటారు, రీప్లే చూసి వెళ్లిపోతారు. ఆదివారం మిగతా అందరికీ సెలవు, ఆవిడకి డబుల్ డ్యూటీ. వనభోజనాల్లో కూడా అంతే, తోటలో అయితే పొయ్యి మారింది తప్ప వండేది మారలేదు, క్యాటరింగ్ పెట్టుకున్న చోట మాత్రం కొంచెం నయం. సాకు అందరికీ ఒకేలా దొరకదు. బిర్యానీ ప్యాకెట్ పట్టుకుని ఆరో అంతస్తు ఎక్కిన డెలివరీ కుర్రాడు కూడా తలుపు సందులోంచి రెండు బంతులు చూసి ఓటీపీ అడిగి దిగిపోతాడు. 2025 ఫైనల్ రోజు కొన్ని ఇళ్లల్లో ఇది తిరగబడిందని చెప్పుకున్నారు, ఆడవాళ్లు సోఫాలో, మగవాళ్లు టీ పెట్టడానికి. ఎన్ని ఇళ్లల్లో అనేది ఎవరింటికి వాళ్లే లెక్కేసుకోవాలి.

ఇంకోటి, గుంపు ఎప్పుడూ మంచిది కాదు. 2025 జూన్ 4న బెంగళూరులో చిన్నస్వామి స్టేడియం దగ్గర ఐపీఎల్ గెలుపు సంబరాల్లో తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. సంతోషంగా ఉన్నవాళ్లని చూడటానికి వెళ్లి ఇంటికి రాకపోవడం, దానికి ఏ విశ్లేషణా సరిపోదు. గుంపు తనంతట తానే చేరుతుంది, కానీ గేట్లు, దారులు, ఎంతమందిని లోపలికి పంపాలన్న లెక్క, ఇవి ఎవరో ఒకరు ముందే కూర్చుని చూడాల్సిన పనులు.

మళ్లీ 2025 నవంబర్ 2కి వద్దాం. ఆ టీమ్ లీగ్ దశలో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడింది, అందులో రెండు విశాఖపట్నంలోనే. అక్టోబర్ 9న సౌతాఫ్రికా చేతిలో, 12న ఆస్ట్రేలియా చేతిలో. ఆ 12 కూడా ఆదివారమే, మిథాలీ రాజ్ పేరు పెట్టిన స్టాండ్ మొదలైన రోజు, మనవాళ్లు 330 కొడితే ఆస్ట్రేలియా దాన్ని కూడా ఛేదించేసింది. అక్కణ్నుంచి దగ్గర్లోనే రుషికొండ బీచ్. పిల్లలకి త్రివర్ణం ముఖానికి రాయించి తీసుకెళ్లినవాళ్లకి ఆ రోజు షికారు పాడైందా అంటే, స్టేడియంలో అమ్మాయిలు ఆడుతుంటే మొదటిసారి చూసిన ఆడపిల్లలకి ఆ ఓటమి ఎంత లెక్కలోకి వచ్చిందో చెప్పడం కష్టం. అదే స్టేడియంలో కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి బౌలింగ్ చేస్తోంది కదా.

ఫైనల్లో మనవాళ్లు 298. షెఫాలీ 87, ఆ తర్వాత బంతితో రెండు వికెట్లు కూడా. అసలు ఆవిడ టీమ్‌లోనే లేదు, ప్రతీకా రావల్‌కి దెబ్బ తగిలితే సెమీస్‌కి పిలిపించారు. సౌతాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్ సెంచరీ కొట్టి ఒక్కతే నిలబడితే అమన్‌జోత్ రెండుసార్లు చేజార్చి మూడోసారికి పట్టిన క్యాచ్‌తో గదుల్లో ఊపిరి వచ్చింది, దీప్తి శర్మకి ఐదు వికెట్లు, చివరి క్యాచ్ హర్మన్‌ప్రీత్ వెనక్కి పరిగెత్తి అందుకునేసరికి దాదాపు అర్ధరాత్రి. దీపావళి నాడు పిల్లలు దాచిపెట్టిన టపాసులు అప్పుడు బయటికొచ్చాయి, ఎవరూ ఎవర్నీ "టైం ఎంతైందో తెలుసా" అనలేదు.

తెల్లారితే కార్తీక సోమవారం. అర్ధరాత్రి దాకా మేలుకున్నవాళ్లే మళ్లీ నాలుగింటికి లేచి చన్నీళ్లు పోసుకుని, అరటిదొప్పలో దీపం పెట్టుకుని ఏటికో, చెరువుకో, శివాలయం కోనేటికో నడవాలి. రేవులో మొహాలన్నీ నిద్రలేనివే, కళ్లు ఎర్రగా. దీపం నీళ్లలో వదిలాక పక్కావిడ గుసగుసగా అడిగే మాట, "ఆ ఆఖరి క్యాచ్ చూశావా, నేను అప్పుడే కునుకు తీశానే."